తప్పు కొట్టిన అక్షరం ఎక్కడికి పోతుంది

(నల్లగొండ రామగిరిలోని ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారవుతున్న పిల్లల ముందు ఒక రిటైర్డ్ టైపిస్టు మాట్లాడిన మాటలు. రికార్డు నుంచి రాసినవి.)

అందరికీ నమస్కారం. కూర్చోండి బిడ్డా, కూర్చోండి. వెనక ఉన్నవాళ్లు కొంచెం ముందుకు జరగండి, ఈ బల్ల మీద ఉన్నది మీకు కనబడాలి. ఫ్యాన్ చప్పుడు ఎక్కువైతే చెప్పండి, ఆపేద్దాం.

ఇది ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్. మీ సార్‌కు ఎవరో ఇంట్లో సామాన్లు సర్దుతూ పాతసామాన్ల వాడికి వేయబోతే, ఆగండి ఆగండి అని తెచ్చుకున్నారట. నాకు ఫోన్ చేసి, అన్నా, ఇది నడుస్తుంది గానీ సగం కీలు దేనికో మా పిల్లలకు తెలియదు, ఒకసారి వచ్చి చెప్తావా అన్నారు. నేను వెంటనే వస్తానన్నాను. ఎందుకంటే ఇట్లాంటి మెషీన్ మీదనే నేను కోర్టు బయట చాలా ఏళ్లు కూర్చుని పిల్లల్ని చదివించుకున్న. దీని గురించి మాట్లాడమంటే నాకు అన్నం కూడా అక్కర్లేదు.

మీరు రోజూ మాన్యువల్ మెషీన్ మీద కొడుతున్నారు కదా, ఏఎస్‌డీఎఫ్ నుంచి మొదలుపెట్టి. ఆ మెషీన్ మీద తప్పు పడితే ఏం చేస్తున్నారు? ఏం చేయట్లేదు, ముందుకు పోతున్నారు, ఎందుకంటే పరీక్షలో ఓవర్‌టైప్ చేస్తే అదొక తప్పు. అది మంచి అలవాటే. కానీ ఆఫీసు పని అట్లా కాదు. అక్కడ కాగితం మీద ఒక్క తప్పు ఉన్నా సాహెబ్ వెనక్కి పంపిస్తాడు. మా కాలంలో తప్పు దిద్దాలంటే గుండ్రటి రబ్బరు ఒకటి ఉండేది, చివర కుచ్చు బ్రష్ ఉన్నది, దానితో రుద్దేవాళ్లం. రబ్బరు పొడి మెషీన్‌లో పడకుండా క్యారేజ్‌ను పక్కకు జరిపి మరీ రుద్దాలి. కొందరు సగం బ్లేడుతో గీకేవాళ్లు. గీకిన చోట మళ్లీ కొడితే సిరా పీల్చుకుని అక్షరం ఉబ్బి నల్లగా అయ్యేది, ఒక్కోసారి కాగితానికి చిల్లే పడేది. చిల్లు పడిందంటే పేజీ మొత్తం మళ్లీ మొదటినుంచి.

ఆ తర్వాత తెల్ల రంగు సీసా వచ్చింది, వైట్‌నర్. దాన్ని కనిపెట్టింది ఏ సైంటిస్టో కాదు, మనలాంటి ఒక టైపిస్టే. అమెరికాలో టెక్సాస్‌లో బెట్టీ నెస్మిత్ గ్రాహం అని ఒకామె బ్యాంకులో సెక్రెటరీగా చేసేది. 1950లలో ఎలక్ట్రిక్ మెషీన్లు, కార్బన్ రిబ్బన్లు వచ్చినాక తప్పులు రబ్బరుతో పోవట్లేదని, బొమ్మలు వేసేవాళ్లు తప్పు పడితే చెరపరు, దాని మీద రంగు పూస్తారు కదా అని ఆలోచించి, తెల్ల రంగును చిన్న సీసాలో పోసుకుని కుంచెతో పూయడం మొదలుపెట్టింది. అదే తర్వాత లిక్విడ్ పేపర్ అయింది. 1979లో ఆ కంపెనీని నాలుగు కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. ఈ సంగతి ఆడపిల్లలకు ముఖ్యంగా చెప్తాను నేను. పని చేసే మనిషికే ఆ పనిలోని బాధ తెలుస్తుంది.

రంగు పూయడం అంటే తప్పును కప్పడం. కాగితం మీది నుంచి అక్షరాన్ని నిజంగా లేపి తీసేయడం అనేది ఐబీఎం వాళ్ల కరెక్టింగ్ సెలెక్ట్రిక్‌తో 1973లో వచ్చింది. అది ఎలక్ట్రిక్ మెషీన్. తర్వాత 1970ల చివర్లో మెమరీ ఉన్న ఎలక్ట్రానిక్‌లు వచ్చాయి, ఒలివెట్టి లాంటివాళ్లు తెచ్చారు. మన దగ్గరికి, అంటే నల్లగొండ లాంటి ఊళ్లకు అవి నెమ్మదిగా చేరాయి. నేను 1993లో పట్నం పోయి సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొనుక్కొచ్చిన. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చిన, కింద పెడితే ఎవరి కాలు తగులుతుందోనని.

సరే, మూత తీస్తాను, చూడండి. మీ మాన్యువల్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో కమ్మీ ఉంటుంది, లేచి కొట్టి పడిపోతుంది. ఇందులో కమ్మీలు లేవు. ఈ గుండ్రటి ప్లాస్టిక్ చక్రం కనబడుతుందా, పువ్వు రేకుల్లా సన్నగా చీలి ఉంది. దీన్ని డైసీ వీల్ అంటారు. దాదాపు వంద రేకులుంటాయి, ఒక్కో రేకు చివర ఒక్కో అక్షరం. మీరు కీ నొక్కగానే మోటారు చక్రాన్ని తిప్పి ఆ రేకును పైకి తెస్తుంది, వెనక నుంచి చిన్న సుత్తి దాన్ని కొడుతుంది, రిబ్బన్ మీంచి అక్షరం కాగితం మీద పడుతుంది. మీరు ఎంత గట్టిగా కొట్టినా, ఎంత మెల్లగా కొట్టినా దెబ్బ ఒకటే. కాబట్టి మీ చిటికెన వేలు కొట్టిన ఏ, ఇక్కడ చూపుడు వేలు కొట్టిన ఎఫ్ అంతే నల్లగా పడుతుంది. మాన్యువల్ మీద చేయి తిరిగినవాళ్లు మొదట్లో దీన్ని దబదబా బాదుతారు. అక్కర్లేదు. తగిలితే చాలు.

ఇక అసలు కీ దగ్గరికి వద్దాం. కుడివైపు కింద, ఎడమకు బాణం గుర్తు, లోపల ఇంటూ గుర్తు ఉన్న కీ చూడండి. అదే కరెక్షన్ కీ. దీన్ని నొక్కితే ఏం జరుగుతుందో మెల్లగా చెప్తాను. నేను ఇప్పుడు కోర్ట్ అని ఇంగ్లీషులో కొడతాను, సీ ఓ యూ ఆర్... చివర టీకి బదులు వై కొట్టిన. కొట్టగానే చూసిన. ఇప్పుడు కరెక్షన్ కీ ఒక్కసారి. విన్నారా, టిక్ అని ఒక్క దెబ్బ. క్యారేజ్ ఒక అడుగు వెనక్కి వచ్చింది, చక్రం మళ్లీ వై దగ్గరికి తిరిగింది, కింద నుంచి ఈ రెండో టేపు, సన్నటిది, కొంచెం జిగటగా ఉంటుంది, అది పైకి లేచి రిబ్బన్ స్థానంలో నిలబడింది, దాని మీంచి అదే వైని మళ్లీ కొట్టింది. ఆ జిగురు కాగితం మీది నల్ల పొరను అంటించుకుని లేపేసింది. ఇప్పుడు క్యారేజ్ అక్కడే ఆగి ఉంది, టీ కోసం ఎదురు చూస్తోంది. టీ కొట్టిన, అయిపోయింది.

ఏ అక్షరం కొట్టామో మెషీన్‌కు ఎట్లా తెలుసు? దానికి మెమరీ ఉంది. చివరగా కొట్టిన ఒక లైనో, మోడల్‌ను బట్టి ఇంకా ఎక్కువో గుర్తు పెట్టుకుంటుంది. కరెక్షన్ కీని నొక్కి పట్టుకుంటే ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తీసుకుంటూ పోతుంది. పక్కన వర్డ్ అవుట్ అని ఉంది, అది మాట మొత్తాన్ని తీసేస్తుంది. లైన్ అవుట్ లైన్ మొత్తాన్ని తీస్తుంది. లైన్ అవుట్ నేను నా జీవితంలో చాలా తక్కువ వాడిన, దాంతో టేపు బోలెడు ఖర్చవుతుంది, అంత తప్పు పడితే కొత్త కాగితం పెట్టుకోవడమే మేలు.

లైను మధ్యలో తప్పుంటే? తప్పు చివరి అక్షరంలోనే ఉండాలని ఏం లేదు కదా. మీరు లైను చివర దాకా కొట్టినాక కన్ను వెనక్కి పోతుంది, అరే, మధ్యలో ఫ్రమ్‌కు ఫామ్ పడింది అనుకుంటారు. అప్పుడు మామూలు బ్యాక్‌స్పేస్‌తో, అంటే ఇంటూ లేని బాణంతో, తప్పు అక్షరం మీదికి పోవాలి. అక్కడ కరెక్షన్ నొక్కాలి. మెమరీలో ఉంటే దానంతట అదే లేపుతుంది. సరైనది కొట్టాలి. ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, దిద్దిన సంతోషంలో అక్కడి నుంచే కొట్టడం మొదలుపెడతారు, ఉన్న మాటల మీద కొత్త మాటలు పడతాయి. అట్లా కాకుండా ఈ రీలొకేట్ కీ నొక్కండి, ఆర్ఈఎల్ఓసీ అని ఉంది చూడండి. నొక్కగానే క్యారేజ్ పరుగెత్తి మీరు ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడికే పోతుంది. దిద్దు, రీలొకేట్, దిద్దు, రీలొకేట్. ఈ రెండూ మీ వేళ్లకు జంటగా రావాలి.

ఇంకో మాట. మధ్యలో ఈ పక్కనున్న నాబ్‌ను చేత్తో తిప్పవద్దు. కాగితం పైకి కిందికి జరపాలంటే దానికి కీలున్నాయి, వాటితో జరిపితే మెషీన్ లెక్క పెట్టుకుంటుంది. చేత్తో తిప్పితే దానికి తెలియదు, రీలొకేట్ చేస్తే వెంట్రుక వాసి పైకో కిందికో పడుతుంది. అట్లాగే కరెంటు. మా రోజుల్లో మధ్యాహ్నం కోత ఖాయంగా ఉండేది. కరెంటు పోయిందంటే మా మెషీన్‌లో కరెక్షన్ మెమరీ మొత్తం పోయేది. అందుకని నేను కోత టైముకు పది నిమిషాల ముందు కొట్టడం ఆపి, అప్పటిదాకా కొట్టింది పై నుంచి కింది దాకా చదివేవాణ్ణి. చదవడం కోసం ఒక టైము పెట్టుకోవడం నాకు అట్లా అలవాటైంది. ఇన్వర్టర్ వచ్చినాక కూడా ఆ అలవాటు పోలేదు, పోనివ్వలేదు.

మెమరీ దాటిపోయిన తప్పును కూడా తీయొచ్చు. తప్పు అక్షరం మీదికి క్యారేజ్‌ను తీసుకుపోయి, కరెక్షన్ కీ నొక్కి, తర్వాత ఆ తప్పు అక్షరాన్నే మీరు కొట్టాలి. మెషీన్‌కు గుర్తు లేదు కాబట్టి, దేన్ని లేపాలో మీరు చెప్తున్నారన్నమాట. వినడానికి సులువుగా ఉంది కదా. ఇక్కడ నాకు జరిగింది చెప్తాను, మీకు ఎప్పుడైనా పనికొస్తుంది.

మేం నేర్చుకున్న పాత మాన్యువల్ మెషీన్లు కొన్నింటిలో ఒకటి అంకెకు కీ ఉండేది కాదు. చిన్న ఎల్ కొట్టేవాళ్లం, చూడటానికి ఒకటిలానే ఉంటుంది. నా వేలుకు అదే అలవాటు. ఎలక్ట్రానిక్ మీద ఒకటికి వేరే కీ ఉన్నా నా కుడిచేయి ఉంగరం వేలు ఎల్ మీదికే పోయేది. ఒకసారి ఒక భూమి కేసు పిటిషన్, ఇంగ్లీషులో. సర్వే నెంబర్ 177 అని ఉండాలి, నేను 117 కొట్టిన. రెండు పేరాలు దాటినాక చూసిన. మెమరీ లేదు. వెనక్కి పోయి, మధ్య అంకె మీద కరెక్షన్ నొక్కి, ఒకటి కీ కొట్టిన. లేచింది గానీ పూర్తిగా లేవలేదు, కింద ఒక చిన్న గీత, పైన ఒక చుక్క మిగిలాయి. మళ్లీ చేసిన, మళ్లీ అంతే. టేపు అయిపోయిందేమో అని కొత్త టేపు వేసిన. మళ్లీ అంతే. ఒళ్లంతా చెమట. బయట ఆ రైతు మునుగోడు వైపు నుంచి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాడు, వకీలు సార్ రెండుసార్లు మనిషిని పంపారు. అరగంట పోయినాక తట్టింది, నేను కొట్టింది ఒకటి కాదు, ఎల్. ఎల్ ఆకారం వేరు, ఒకటి ఆకారం వేరు. జిగురు టేపు మీద ఒకటి రేకు పడితే ఒకటి ఆకారం మేరకే లేస్తుంది, ఎల్‌లో దానికి బయట ఉన్న ముక్కలు అట్లాగే ఉండిపోతాయి. ఎల్ కొట్టిన, అద్దంలా శుభ్రం. ఆ రోజు నుంచి నా ఉంగరం వేలుకు కొత్తగా పాఠం చెప్పుకున్న. సున్నాకు పెద్ద ఓ కొట్టే అలవాటున్నా ఇదే గొడవ. సర్వే నెంబర్లలో ఇట్లాంటిది ఉండకూడదు.

ఇప్పుడు టేపుల సంగతి. ఇది బాగా వినండి, ఎందుకంటే ఇక్కడే పైసలు దండగ అవుతాయి. రిబ్బన్లు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి గుడ్డ రిబ్బన్, నైలాన్‌ది, సిరాలో తడిపింది, మీ మాన్యువల్‌లో ఉన్నలాంటిది. అది తిరిగి తిరిగి వస్తుంది, చాలా రోజులు వస్తుంది. దాని సిరా కాగితం పీచులోకి ఇంకుతుంది. రెండోది కార్బన్ ఫిల్మ్, సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద నల్ల పొర. అక్షరం కొట్టగానే ఆ ఆకారంలో పొర ఊడి కాగితం మీద అతుక్కుంటుంది. ఇంకదు, పైనే ఉంటుంది. అందుకే జిగురుతో లేపొచ్చు. అచ్చు కూడా పుస్తకంలా ఉంటుంది. కానీ ఒక్కసారే నడుస్తుంది, చివరికి వచ్చిందంటే పారేయాల్సిందే.

కాబట్టి ఫిల్మ్‌కు జిగురు టేపు, దాన్ని లిఫ్ట్ ఆఫ్ అంటారు. గుడ్డ రిబ్బన్‌కు తెల్ల పొడి టేపు, కవర్ అప్ అంటారు, అది లేపదు, అదే అక్షరం ఆకారంలో మీద తెల్లగా కప్పుతుంది. ఇవి కలగాపులగం చేస్తే ఏదీ పనిచేయదు. గుడ్డ రిబ్బన్ మీద జిగురు టేపు వేస్తే ఇంకిన సిరాను అదెట్లా లేపుతుంది? నేను ఒకసారి ఫిల్మ్ దొరకక గుడ్డ రిబ్బన్ వేసుకుని, టేపు మాత్రం పాతదే ఉంచిన. అక్షరం పోవట్లేదని మెషీన్ పాడైందనుకుని మెకానిక్‌ను పిలిచిన. ఆయన చూసి, సార్, మెషీన్ మంచిగనే ఉంది, మీరు చెప్పులు ఒకటి కుడిది ఒకటి వేరే జతది వేసుకున్నారు అన్నాడు. మంచి మాట, ఇప్పటికీ గుర్తుంది.

ఇంకోటి, ఫిల్మ్‌లలోనే మల్టీ స్ట్రైక్ అని ఉంటుంది, ఎక్కువ అక్షరాలు వస్తాయని షాపువాళ్లు ఇస్తారు. దాన్ని జిగురు టేపు లేపలేదు. కొనేటప్పుడు డబ్బా మీద కరెక్టబుల్ అన్న మాట ఉందా లేదా చూడండి. ఇక కవర్ అప్ టేపు తెల్ల కాగితానికే. ఆకుపచ్చ రంగు కాగితం మీద తెల్ల పొడి పడితే గోడకు సున్నం చుక్క పడ్డట్టు దూరం నుంచే కనబడుతుంది.

(వెనక నుంచి ఒక అమ్మాయి: సార్, కార్బన్ కాపీలు పెడితే కింది కాగితాల మీద తప్పు ఎట్లా పోతుంది?)

శభాష్ అమ్మా. ఈ ప్రశ్న నేను రెండేళ్లు పనిచేసినాక గానీ నాకు తట్టలేదు. పోదు. పైగా ఇంకా గట్టిపడుతుంది. ఆలోచించండి, కరెక్షన్ నొక్కినప్పుడు సుత్తి అదే తప్పు అక్షరాన్ని మళ్లీ కొడుతుంది కదా. పైన జిగురు టేపు ఉంది కాబట్టి ఒరిజినల్ మీద అక్షరం లేచిపోతుంది. కింద కార్బన్‌కు అదంతా ఏం తెలుసు? దెబ్బ పడింది, అంటే తప్పు అక్షరం రెండోసారి అచ్చు పడింది. తర్వాత దాని మీద సరైన అక్షరం. ఒరిజినల్ అద్దంలా ఉంటుంది, ఆఫీసు కాపీలో ఆ చోట నల్లటి ముద్ద. ఒరిజినల్‌లో 177, కాపీలో ఏమో చదవడానికి రాదు. రేపు ఎదుటి వకీలుకు ఇచ్చేది ఆ కాపీనే.

అందుకని కాపీలు ఉంటే పద్ధతి వేరు. కరెక్షన్ నొక్కే ముందే ఆ అక్షరం వెనక, ప్రతి కార్బన్‌కూ దాని కింది కాగితానికీ మధ్య చిన్న కాగితం ముక్క దోపండి. ఇప్పుడు కరెక్షన్ కొట్టండి, దెబ్బ ఆ ముక్కల మీద పడుతుంది. తర్వాత కాపీల మీది తప్పును మెత్తటి రబ్బరుతో మెల్లగా తీయండి, అడుగుదానితో మొదలుపెట్టి పైకి రండి. ముక్కలన్నీ తీసేసి, అవును, తీయడం మరిచిపోతే కాపీలో ఖాళీ వస్తుంది, తీసేసి, అప్పుడు సరైన అక్షరం కొట్టండి. కాపీలు మూడు నాలుగు ఉంటే ఇంప్రెషన్ స్విచ్‌ను హెవీలో పెట్టుకోవాలి, లేకుంటే అడుగు కాగితానికి దెబ్బ చేరదు. ఒక్క కాగితమే అయితే మీడియం చాలు. హెవీలో కొట్టింది లేపడం కూడా కష్టం, పొర లోపలికి దిగుతుంది.

అక్షరం తక్కువ పడితే ఏం చేయాలో చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన పని. గివెన్ అని ఐదు అక్షరాలు కొట్టాలి, మీరు ఐ మింగేసి నాలుగే కొట్టారు, అవతల ఇంకో మాట వచ్చేసింది. నాలుగు అక్షరాల చోట ఐదు ఎట్లా పెడతారు? లెక్క చూడండి. నాలుగు అక్షరాలు, ఇటొక ఖాళీ, అటొక ఖాళీ, మొత్తం ఆరు గడులు. ఐదు అక్షరాలు పెడితే ఒక గడి మిగులుతుంది. దాన్ని సగం ఇటు, సగం అటు పంచాలి. నాలుగు అక్షరాలూ లేపేయండి, మొదటి అక్షరం ఉన్న చోటికి క్యారేజ్ తేండి, ఇప్పుడు కోడ్ కీ పట్టుకుని బ్యాక్‌స్పేస్ కొడితే అర గడి వెనక్కి పోతుంది, కొన్ని మెషీన్లలో దానికి వేరే కీ ఉంటుంది. అక్కడి నుంచి ఐదు అక్షరాలు కొట్టండి. అటూ ఇటూ అర గడి ఖాళీతో మాట సర్దుకుని కూర్చుంటుంది. తెలిసినవాడు వెతికితే తప్ప కనబడదు. అక్షరం ఎక్కువ పడితే తిరగేయండి, అర గడి ముందుకు జరిగి మొదలుపెట్టండి, రెండు వైపులా గడిన్నర ఖాళీ వస్తుంది. ఇది రైల్లో నలుగురి సీటులో ఐదో మనిషిని కూర్చోబెట్టడం లాంటిది, అందరూ తలా కొంచెం జరగాలి.

పిచ్ స్విచ్ 10, 12, 15 అని ఉంది. అంగుళానికి అన్ని అక్షరాలు అని అర్థం. ఏ పిచ్‌లో కొట్టారో ఆ పిచ్‌లోనే దిద్దాలి, 12లో కొట్టి పొరపాటున 10లో దిద్దబోతే అక్షరం పక్కకు పడుతుంది. పీఎస్ అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు, అందులో పాత తప్పు దగ్గరికి సరిగ్గా పోవడం చాలా కష్టం, మొదట్లో దాని జోలికి పోవద్దు. మిగతావి మీరే నొక్కి చూసుకోండి, మార్జిన్, ట్యాబ్, సెంటరింగ్, అండర్‌లైన్, ఎక్స్‌ప్రెస్ అంటే క్యారేజ్‌ను ఎడమ మార్జిన్‌కు ఉరికించేది. గీత గీసిన మాటను తీసేటప్పుడు అక్షరంతో పాటు గీత కూడా పోయిందా లేదా చూసుకోవాలి, పోకుంటే దాన్ని విడిగా లేపాలి.

ఇప్పుడు తెలుగు. మీలో తెలుగు హయ్యర్ రాసేవాళ్లు ఎంతమంది? మంచిది. తెలుగు మెషీన్‌లో కొన్ని కీలు కొట్టినా క్యారేజ్ కదలదు, మీకు తెలుసు. లక్ష్మి అని రాయాలంటే చివరి అక్షరం ఒక్కటే, కానీ దెబ్బలు ఒక్కటి కావు, అక్షరానికి ఒకటి, వత్తుకు ఒకటి, గుడికి ఒకటి, అన్నీ ఒకే చోట. ఇంగ్లీషులో ఒక తప్పుకు ఒక దెబ్బ తీస్తే పోతుంది. తెలుగులో ఏ దెబ్బ తప్పో ముందు తేల్చుకోవాలి. వత్తు ఒక్కటే తప్పా, అక్షరమే తప్పా. తెలుగు దస్తావేజులు నేను ఎప్పుడూ తెలుగు మాన్యువల్ మీదనే కొట్టిన. తెలుగుకు ఆ మెషీన్ మీద ఉన్న మందు ఒకటే, కొట్టే ముందు మాటను మనసులో పలకడం.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది. అక్షరాన్ని లేపొచ్చు అని తెలిసినాక, ఎక్కడైనా లేపొచ్చు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒకాయన ప్లాటు విషయంలో జీపీఏ, అంటే తన తరఫున పనులు చేయడానికి ఇంకొకరికి అధికారం రాసిచ్చే కాగితం, ఇంగ్లీషులో. నేనే కొట్టిన. సంతకాలు అయిపోయాయి, సాక్షులు కూడా పెట్టారు. అప్పుడు చూస్తే 242 గజాలకు 224 పడింది. ఆయన చాలా మంచి మనిషి, ఏముంది సార్, మీ మెషీన్ తీసేస్తది కదా, తీసి కొట్టండి, మేమంతా ఇక్కడనే ఉన్నం అన్నాడు. నేను కాగితం మళ్లీ పెట్టి, అచ్చు పడే చోట కాగితం ముందు ఉండే పారదర్శకపు పట్టీ మీది గీతకు అక్షరాలు సరిగ్గా ఆనించి, రెండు అంకెలు లేపి, సరైనవి కొట్టిన. చాలా బాగా వచ్చింది, నాకు గర్వమనిపించింది. వకీలు సార్ దగ్గరికి తీసుకుపోతే, ఆయన కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని కొంచెం వంచారు. నా గుండె జారింది. వెలుతురు ఏటవాలుగా పడితే, 42 కింద పాత 24 అంకెలు కాగితంలోకి నొక్కుకుపోయి గుంటల్లా కనబడుతున్నాయి. జిగురు నల్లపొరనే తీస్తుంది, సుత్తి దెబ్బకు పడ్డ గుంటను తీయదు.

ఆయన నన్ను తిట్టలేదు. కూర్చోబెట్టి, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 20వ సెక్షన్ చదివి చెప్పారు. దస్తావేజులో కొట్టివేతలు, చెరిపివేతలు, ఖాళీలు, లైన్ల మధ్య చేర్చినవి ఉంటే, రాసిచ్చిన వాళ్లు వాటి పక్కన సంతకం గానీ పొట్టి సంతకం గానీ పెట్టకపోతే, రిజిస్ట్రేషన్ అధికారి తన విచక్షణతో దాన్ని తీసుకోకుండా ఉండొచ్చు. తీసుకుని రిజిస్టర్ చేస్తే ఆ దిద్దుబాటు గురించి రిజిస్టర్‌లో నోట్ చేసుకోవాలి. నువ్వు శుభ్రంగా లేపితే ఆ దిద్దుబాటు కనబడదు, కనబడని దిద్దుబాటు మీద ఎవరు సంతకం పెడతారు, రేపు ఈయన చనిపోతే, పిల్లల మధ్య గొడవొస్తే, ఎవడో ఈ గుంటలు చూపించి మొత్తం కాగితమే దొంగది అంటే నువ్వొచ్చి సాక్ష్యం చెప్తావా అన్నారు. ఆ పేజీ మొత్తం మళ్లీ కొట్టిన, అందరితో మళ్లీ సంతకాలు పెట్టించిన, కాగితం ఖర్చు నేనే పెట్టుకున్న.

అందుకని మీకు చెప్తున్న, గుర్తు పెట్టుకోండి. సంతకం పడకముందు ఎన్నిసార్లైనా లేపండి, అది మీ పని. సంతకం పడ్డాక ఆ కీ మీద చేయి వేయొద్దు. తప్పు మాట చదవడానికి వచ్చేట్టుగా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన అందరితో పొట్టి సంతకాలు పెట్టించండి. లేదా పేజీ మార్చి మళ్లీ సంతకాలు. అఫిడవిట్ అయితే ప్రమాణం చేయించే అధికారి కూడా ఆ దిద్దుబాటు దగ్గర పొట్టి సంతకం పెట్టాలి. ఎంత మంచి మనిషి అడిగినా, ఎంత తొందరలో ఉన్నా. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు, ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఒక కుటుంబం తరాలు కోర్టు చుట్టూ తిరుగుతుంది, అట్లా తిరిగేవాళ్లను నేను నా బల్ల ముందు రోజూ చూసిన.

ఇంకో చిన్న సంగతి. ఈ అయిపోయిన ఫిల్మ్ రిబ్బన్ చూడండి. దీన్ని లాగి వెలుతురుకు పట్టుకుంటే, మీరు కొట్టిన ప్రతి అక్షరం వరసగా చదవొచ్చు, నల్ల పొర ఊడిన చోట అక్షరం ఆకారంలో తెల్లగా ఉంటుంది. తప్పు కొట్టి లేపిన అక్షరం కూడా ఇందులో ఉంటుంది, దాని తర్వాత సరైనది. ఒకరి విడాకుల పిటిషన్, ఒకరి అప్పు నోటీసు, ఒకరి వీలునామా, అన్నీ ఈ డబ్బాలో ఉంటాయి. వాడిన రిబ్బన్‌ను చెత్తబుట్టలో అట్లాగే వేయకండి. నేను కత్తెరతో ముక్కలు చేసి ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో వేసేవాణ్ణి. మన దగ్గరికి వచ్చిన మనిషి మనల్ని నమ్మి చెప్పుకున్న మాటలు అవి.

సరే, ఇప్పుడు మీ వంతు. కార్బన్ ప్రశ్న అడిగిన అమ్మా, నువ్వే ముందు రా. కుర్చీ దగ్గరికి లాక్కో. కాగితం పెట్టి పేపర్ ఇన్సర్ట్ నొక్కు, అదే లోపలికి తీసుకుంటుంది, నాబ్ ముట్టుకోకు. పిచ్ 12 ఉందా చూడు. ఇప్పుడు ఐ లేకుండా గివెన్ కొట్టు, తర్వాత ఒక ఖాళీ, టు. మిగతావాళ్లు టేపు వైపు చూడండి, అది ఎప్పుడు లేస్తుందో కనిపెట్టాలి. ఊ, మెల్లగా... ఆగు, ఆగు, టును ముట్టుకోకు. వెనక్కి రావడానికి ఏ బాణం నొక్కుతావు? ఇంటూ ఉన్నదా, లేనిదా?